ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఆరుగురి ఇల్లు: బెంగళూరులో ఇబ్బంది పెట్టే రూమ్మేట్లతో నెగ్గుకురావడం ఎలా

ఏటా జనవరి మొదటి వారాల్లో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే రాత్రి బస్సులు తెల్లవారుజామున మడివాళలోనూ మారతహళ్లిలోనూ ఆగినప్పుడు, రెండేసి బ్యాగులు, ఒక లాప్‌టాప్, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసాలతో దిగే కుర్రవాళ్లను చూస్తే వాళ్లు చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్‌కు వచ్చారని ఇట్టే తెలిసిపోతుంది. 2024 జనవరిలో నేనూ అలాగే దిగాను. కాలేజీలో నాకు సీనియరైన ఒక అన్న మారతహళ్లిలో టూ బీహెచ్‌కే ఇంట్లో ఉంటున్నాడని, అందులో ఒక మంచం ఖాళీ అయిందని తెలిసి, ఇల్లు చూడకుండానే ఫోనులో సరేనన్నాను. ఆ ఇంట్లో మేము ఆరుగురం. ఒక్కరూ చెడ్డవారు కారు. అయినా మార్చి నాటికి వంటగదిలో ఎదురుపడితే పలకరించుకోని స్థితికి వచ్చాము. ఆ ఆరు నెలల్లో చేసిన పొరపాట్లు, ఆలస్యంగా తెలుసుకున్న పద్ధతులు కొత్తగా వచ్చేవారికి ముందే అందాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

మన వాళ్ల మధ్య గది తగాదాలు ముదరడానికి అసలు కారణం మొహమాటమని నా నమ్మకం. ముక్కూ మొహం తెలియనివారితో ఉంటే అద్దెలో నా వాటా ఎంత, అడ్వాన్స్ ఎప్పుడిస్తారు అని అడగడానికి మనం వెనుకాడము. ఎదుట ఉన్నది సీనియరు అన్నో, బాబాయి కొడుకో, పక్క ఊరి కుర్రవాడో అయినప్పుడు మాత్రం అడిగితే ఏమనుకుంటాడోనని ఊరుకుంటాము. ఊరుకున్న ప్రతి సంగతీ లోపల పేరుకుపోయి, ఒక రోజు తోమని గిన్నె మీదో, మాడిన బల్బు మీదో బయటపడుతుంది. బెంగళూరులో బస్సులోనూ క్యూలోనూ తరచుగా వినిపించే కన్నడ మాట ఒకటుంది: ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’, అంటే కాస్త సర్దుకోండి అని. మంచి మాటే. అయితే మనం సర్దుకుంటున్న సంగతి ఎదుటివారికి తెలియకపోతే వారి అలవాటు అలాగే సాగుతుంది, మన కోపం మాత్రం పెరుగుతూ పోతుంది. ఇంకొక సంగతి కూడా మొదటే గుర్తించాలి. ఇరవై ఏళ్లుగా ఒకరికి అలవడిన తీరును ఆరు నెలల్లో మనం మార్చలేము. మంచం ఎక్కడ వేయాలి, ఏ సమయానికి గీజరు వాడాలి, డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి వంటి ఏర్పాట్లను మాత్రం ఒక్క సాయంత్రంలో మార్చవచ్చు. శ్రమ అంతా అక్కడ పెట్టడం మంచిది.

చేరకముందు అడగవలసినవి

పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ వసతిలో ఉండాలా, నలుగురితో కలిసి అద్దె ఇంట్లో ఉండాలా అన్నది అందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న. ఊరికి కొత్తగా వచ్చే ఇంటర్న్ మొదటి నెల పీజీలో ఉండడమే మేలని నేను స్పష్టంగా చెబుతాను. పీజీ తిండి రుచించకపోవచ్చు, త్రీ షేరింగ్ అని చెప్పి మంచాల మధ్య నడవడానికి కూడా చోటు లేని గది చూపించవచ్చు; కానీ గదిలోని మనిషితో పొసగకపోతే ఓనరుతో మాట్లాడి మరో గదికి మారే వీలుంటుంది, పైగా మారతహళ్లి, బీటీఎం లేఔట్ వైపు పీజీలు నడిపేవారిలో తెలుగువారు చాలామంది ఉన్నందున మాట్లాడడానికి భాష కూడా అడ్డు రాదు. అద్దె ఇంట్లో అటువంటి మధ్యవర్తి ఉండడు. పొసగనప్పుడు అక్కడ చిక్కుకునేది ముందుగా అడ్వాన్స్.

అందుచేత ఇంట్లోనే చేరదలిస్తే, ఒక్క రూపాయి పంపకముందే అద్దె ఒప్పందం ఎవరి పేరు మీద ఉందో, అది ఎప్పటికి ముగుస్తుందో, అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కనుక ఇక్కడ ఒప్పందాలు సాధారణంగా 11 నెలలకే రాసుకుంటారు. మీ ఆరు నెలలు వారి 11 నెలల మధ్యలో ఎక్కడో మొదలై ఎక్కడో ముగుస్తాయి. బెంగళూరులో ఒకప్పుడు పది నెలల అద్దెను అడ్వాన్స్‌గా తీసుకునే ఆనవాయితీ ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల తగ్గినా, విద్యార్థికి అది ఇంకా పెద్ద మొత్తమే. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం చెప్పింది గానీ, అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకున్నప్పుడే అమలవుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించడానికని ఒక నెల అద్దెను ఓనరు మినహాయించుకోవడం కూడా ఇక్కడి వాడుక.

ఈ లెక్క కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చూడండి. ఇంటి అద్దె 30,000, అడ్వాన్స్ లక్షా 50 వేలు అనుకుందాం. ఆరుగురు ఉంటే తలా 25,000 వస్తుంది. కొత్తగా వచ్చినవారు ఆ 25,000 ఓనరుకు కాక, ఖాళీ చేసి వెళ్లేవారికి ఇస్తారు. ఓనరుకు మీరెవరో కూడా తెలియకపోవచ్చు. రేపు మీరు వెళ్లేటప్పుడు మీ మంచానికి మనిషి దొరక్కపోతే ఆ డబ్బు ఎవరు ఇవ్వాలి? రంగుల కింద పోయే 30,000లో తలా 5,000 చొప్పున పడుతుంది కదా, ఆరు నెలలే ఉన్న మీరు మొత్తం భరించాలా, సగమా? నేను ఈ ప్రశ్నలు అడగలేదు. అన్న దగ్గర లెక్కలు అడగడం ఏమిటని ఊరుకున్నాను. అడిగి ఉంటే ఆయన ఏమీ అనుకునేవాడు కాదని తరువాత తెలిసింది. నోటితో అడగడానికి ఇబ్బందిగా ఉంటే ఇలా ఒక సందేశం పంపండి: ‘అన్నా, ఇంట్లో నాన్నగారికి చెప్పాలి. అడ్వాన్స్ 25,000, జూన్ 30న నేను వెళ్లేటప్పుడు నా స్థానంలో వచ్చేవాళ్లు ఇస్తారు, రాకపోతే ఒక నెలలో మీరు సర్దుతారు, రంగులకు నా వంతు సగం. ఇంతే కదా?’ ఆయన సరేనని రాసిన జవాబు మీకు రాతపూర్వకమైన ఆధారంగా ఉంటుంది.

మొదటి ఆదివారం

చేరిన వారంలోపు అందరూ ఇంట్లో ఉండే ఒక పూట, సాధారణంగా ఆదివారం భోజనాల తరువాత, ఇంటి సంగతులు మాట్లాడుకోవడం మంచిది. గోడకు పాతిక నియమాలు అంటించిన ఇళ్లు కూడా నేను చూశాను. వాటిని రెండో వారం నుంచి ఎవరూ చదవరు. ఎక్కువ తగాదా పుట్టే చోట్లు నాలుగైదే ఉంటాయి. వాటిని పట్టుకుంటే చాలు.

వాటిలో కరెంటు బిల్లును తప్పక ముందు మాట్లాడాలి. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకం అద్దె ఇళ్లకూ వర్తిస్తుంది. ఇంటి పాత సగటు వాడకం మీద మరో పది శాతం కలిపి, 200 యూనిట్లకు మించకుండా ఉచితంగా ఇస్తారు. నెలలో వాడకం 200 దాటితే మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. ఇప్పుడు ఆరుగురి ఇంటి లెక్క వేయండి. గీజరు సాధారణంగా 2,000 వాట్లది, గంట నడిస్తే రెండు యూనిట్లు. ఒక్కొక్కరు ఇరవై నిమిషాలు వేసి ఉంచితే రోజుకు రెండు గంటలు, నాలుగు యూనిట్లు, నెలకు 120. ఫ్రిజ్, ఫ్యానులు, వాషింగ్ మెషీను, ఎవరో ఒకరు మ్యాగీ కోసం పెట్టే ఇండక్షన్ పొయ్యి కలిస్తే 200 దాటడం ఎంతసేపు? మా ఇంట్లో ఫిబ్రవరి బిల్లు సున్నా కాకుండా వచ్చినప్పుడు, ఎక్కువసేపు స్నానం చేసే ఒకరి మీద అందరం విరుచుకుపడ్డాము. అతను ఒక్కడే కారణం కాదని ఈ లెక్క వేసుకున్నాక గానీ మాకు అర్థం కాలేదు. తరువాత ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర వరకు మాత్రమే గీజరు వేసి, ఆ వేడి నీళ్లనే వరసగా అందరూ వాడుకునేలా పెట్టుకున్నాము. లేటుగా లేచినవారికి చన్నీళ్లే. ఎవరినీ తిట్టవలసిన పని లేకుండా వాడకం తగ్గింది.

వంట సంగతిలో ఒకటే చెబుతాను. వంతులు వేసుకుని వండుకోవడం ఇంటర్న్‌లు ఉండే ఇంట్లో నెల రోజులకు మించి సాగడం నేను చూడలేదు. పొద్దున్నే టీమంతా కలిసే స్టాండప్ మీటింగులు, రాత్రి పది దాటాక అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇల్లు చేరడం ఉన్నచోట వంతు తప్పడం ఖాయం, వంతు తప్పిన ప్రతిసారీ మాట వస్తుంది. వంటావిడను పెట్టుకోవడమో, వంటను ఎవరిష్టానికి వారికి వదిలి అన్నం కుక్కరు ఒక్కటే ఉమ్మడిగా పెట్టుకోవడమో నయం. చెత్త మాత్రం వంతుల మీదే నడవాలి, ఎందుకంటే ఇక్కడ తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ చెత్త వేరు చేయకపోతే ఉదయం వచ్చే ఆటోవాళ్లు తీసుకోరు, మూడు రోజులు నిలిచిన తడి చెత్త బుట్ట స్నేహాలను కూడా పాడు చేస్తుంది.

చెప్పే తీరు

నా గదిలో మరో మంచం కడప నుంచి వచ్చిన ఒక అన్నది. ఆయనది అమెరికా షిఫ్టు. రాత్రి మూడింటికి క్యాబ్ దిగి, తాళం తీసి, నేరుగా గదిలోకి వచ్చి ట్యూబ్‌లైటు వేసేవాడు. అది రెండుసార్లు మినుక్కుమని వెలిగేది. నేను ఆ మొదటి మినుకుకే లేచేవాడిని. బట్టలు మార్చుకోవడం, ఛార్జరు వెతుక్కోవడం, నీళ్లు తాగడం, ఇరవై నిమిషాలు. తరువాత ఆయనకు నిద్ర పట్టేది, నాకు పట్టేది కాదు. ఉదయం తొమ్మిదిన్నర మీటింగులో మా మెంటరు అడిగిన దానికి రెండుసార్లు తడబడ్డాను. ఇలా నలభై రోజులు గడిచాయి. ఆ నలభై రోజుల్లో ఆయనకు ఒక్క మాట చెప్పలేదు గానీ, నేను లేచినప్పుడు ఆయన నిద్రపోతున్నాడని తెలిసీ బీరువా తలుపు గట్టిగా వేయడం మొదలుపెట్టాను. అది నేను చేసిన తప్పు.

ఒక శనివారం సాయంత్రం ఆయనే టీకి పిలిచాడు. వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి, గ్లాసు సగం అయ్యాక చెప్పాను: ‘అన్నా, ఒక మాట. మూడింటికి ట్యూబ్‌లైటు వేస్తే నాకు మళ్లీ నిద్ర పట్టడం లేదు. పొద్దున్నే మీటింగులో తప్పులు దొర్లుతున్నాయి. మంచానికి తగిలించే చిన్న దీపం ఒకటి నేను తెస్తాను, నీ వైపు పెట్టుకుందాం, దాంతో సరిపోతుందా?’

ఆయన గ్లాసు కింద పెట్టి, ‘ఎన్నాళ్ల నుంచి?’ అన్నాడు. చెప్పాను. ‘నలభై రోజులా? ఒక్క మాట చెప్పకూడదట్రా? ముసుగు తన్ని పడుకుంటావు, నువ్వు గాఢ నిద్రలో ఉన్నావనుకుంటున్నా. దీపం నేనే తెస్తాలే. బట్టలు కూడా హాల్లోనే పెట్టుకుంటా, అక్కడే మార్చుకుని వస్తా.’

తరువాత కూడా ఆయన రెండుసార్లు మరిచిపోయి ట్యూబ్‌లైటు వేశాడు. రెండుసార్లూ తనే ‘సారీ రా’ అంటూ ఆర్పాడు. నేనూ బీరువా తలుపు మెల్లగా వేయడం నేర్చుకున్నాను.

ఈ చిన్న సంభాషణ ఫలించడానికి కారణాలు ఆలోచిస్తే, మాట్లాడింది గదిలో కాదు, రాత్రి మూడింటికీ కాదు. మిగిలిన నలుగురి ముందు కాదు, గ్రూపులో సందేశంగా కాదు. ‘నీకు ఎదుటివాళ్ల గురించి పట్టదు’ అని ఆయన గుణాన్ని అనలేదు, ఏ పని వల్ల నాకు ఏ నష్టం జరుగుతోందో చెప్పాను. చేయగలిగిన పని ఒకటి నా వైపు నుంచి ముందు పెట్టాను. నలభై రోజులకు బదులు నాలుగో రోజునే చెప్పి ఉంటే ఇంకా సులువయ్యేది. గ్రూపులో అందరూ చూసేలా ఒకరి తప్పును రాయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒంటరిగా చెబితే ఒప్పుకునే మనిషి కూడా నలుగురి ముందు పరువు కోసం వాదనకు దిగుతాడు. చెప్పిన తరువాత పది రోజులు గడువు ఇవ్వండి, మార్పు లేకపోతే అదే సంగతి అదే గొంతుతో ఇంకొకసారి చెప్పండి. రెండోసారీ ఫలితం లేకపోతే ఆ మనిషితో మాటలు ఆపి ఏర్పాటు మార్చే దారి చూడాలి: మంచం హాల్లోకి జరపడం, కళ్లకు గంతలు, చెవులకు ఇయర్‌ప్లగ్‌లు, ఇంటర్న్ స్నేహితుడితో గది మార్పిడి.

డబ్బు

మాటలతో తేలనిది డబ్బు. 2019లో సవరించిన అప్రెంటిస్ నిబంధనలు పట్టభద్రులకు కనీస స్టయిపెండ్‌ను నెలకు 9,000 రూపాయలుగా పెట్టాయి. 2024 అక్టోబరులో పీఎం ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నిర్ణయించినది నెలకు 5,000. కొన్ని కంపెనీలు ఇంతకు ఎన్నో రెట్లు ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఒకే ఇంట్లో ఈ మూడు రకాలవారూ ఉంటారు. అందువల్ల ఒకరికి లెక్కలోకి రాని 700 రూపాయలు మరొకరికి వారం తిండి. ఉద్యోగం చేసే అన్నలు వారాంతంలో బిర్యానీలు తెప్పించి ఖర్చును ఆరు భాగాలు చేస్తే, ఇంటర్న్ నోరు విప్పలేక కడుతూ ఉంటాడు. ‘అన్నా, ఈ నెల నాకు కుదరదు, నేను మెస్‌లో తినేసి వస్తాను’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. నాకు అలా చెప్పిన ఒక తమ్ముడి మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

అద్దె, కరెంటు, నీళ్లు, గ్యాసు, వంటావిడ జీతం, ఇంటర్నెట్ మాత్రమే ఉమ్మడి ఖర్చులుగా పెట్టుకుని, వాటిని స్ప్లిట్‌వైజ్ వంటి యాప్‌లోనో ఒక పుస్తకంలోనో రాసుకుని, నెల 5వ తేదీకల్లా తేల్చేయండి. యూపీఐలో పంపేటప్పుడు ‘మార్చి అద్దె’, ‘ఏప్రిల్ కరెంటు’ అని నోట్ రాయడం ఒక్క క్షణం పని, తగాదా వచ్చిన రోజున అదే సాక్ష్యం.

అప్పు విషయంలో నేను దెబ్బ తిన్నాను. మా ఇంట్లో ఒకతను అయిదు వందలు, వెయ్యి చొప్పున నాలుగు నెలల్లో నా దగ్గర 4,000 దాకా తీసుకున్నాడు. జీతం పడగానే అన్నాడు. జీతం పడింది, అతను మే నెలలో ఊరు మారాడు, తరువాత ఫోను ఎత్తలేదు. నేను టీ కొట్టు దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇక్కడ పని చేయలేదు. మొదటి అయిదు వందలు తిరిగి రాకముందు రెండోది ఇవ్వను అని అనగలిగి ఉంటే నష్టం అయిదు వందలతో ఆగేది. తిరిగి రాకపోయినా బాధపడనంత మాత్రమే ఇవ్వండి, అంతకు మించి అడిగితే ‘నా దగ్గర లేదు’ అనే మాట చాలు, కారణాలు చెప్పవద్దు. మీ ఫోను లాక్, యూపీఐ పిన్ ఎంత దగ్గరివారికీ చెప్పవద్దు. మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోను చేయాలి.

నీళ్లు, కంపెనీ లాప్‌టాప్

2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు, తాగునీటితో కార్లు కడిగినా మొక్కలకు పోసినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. 12,000 లీటర్ల ట్యాంకరుకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని జిల్లా యంత్రాంగం ధర కట్టింది. మా ఇంటికి ఉదయం గంట సేపు మాత్రమే నీళ్లు వచ్చేవి. మనిషికి రోజుకు రెండు బకెట్లు అనుకున్నాము, అయినా ఎవరో ఎక్కువ వాడారన్న అనుమానం ప్రతి రోజూ ఉండేది. బాత్‌రూములో ఎవరు ఎంత వాడారో ఎవరు చూస్తారు? చివరికి షవరు విప్పి అటక మీద పెట్టి, ఆరు బకెట్లకు ఆరు రంగుల తాళ్లు కట్టి, నీళ్లు వచ్చే ఆ గంటలోనే నింపి పెట్టుకున్నాము. ఆ రోజు నుంచి నీళ్ల గొడవ లేదు. అలాంటి ఎద్దడి మళ్లీ రాకూడదనే కోరుకుంటున్నాను, కానీ ఆ తాళ్ల పద్ధతి ఫ్రిజ్‌లోని పాల ప్యాకెట్లకూ, బట్టలు ఆరవేసే తీగకూ కూడా పనికి వస్తుంది.

కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌ను సినిమా చూడడానికైనా రూమ్మేటుకు ఇవ్వకండి. ఒకే ఇంట్లో వేర్వేరు కంపెనీలవారు ఉంటారు, మీ తెర మీద ఉన్నది మీ కంపెనీ సొత్తు, దానికి జవాబుదారీ మీరే. ఇంట్లో పని సాగకపోతే ఆఫీసులో గంటసేపు ఎక్కువ కూర్చుని ముగించుకుని రావడం, ఇంట్లోవారిని నిశ్శబ్దంగా ఉండమనడం కంటే తేలిక.

ఇంటికి బయటివారు వచ్చే విషయంలో, రాత్రి ఉండిపోయేవారి గురించి ముందు రోజే అందరికీ చెప్పాలి, మూడు రాత్రులు దాటితే ఖర్చులో వాటా కలపాలి అన్న రెండు మాటలు చాలు.

కులం, యాస, రాజకీయం

దీన్ని గురించి చాలామంది రాయరు, కానీ మన ఇళ్లలో ఇది ఉంది. కొత్తగా వచ్చినవాడి ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, అది చాలకపోతే తిన్నగా కులమే అడిగే అలవాటు మనవారిలో ఇంకా పోలేదు. కర్నూలు మాటను, సిక్కోలు మాటను, వరంగల్ మాటను రోజూ అనుకరించి నవ్వుతుంటే, మొదటి వారం కలిసి నవ్వినవాడు మూడో వారానికి మాట్లాడడమే తగ్గించుకుంటాడు. 2024లో మన రెండు రాష్ట్రాల్లో ఎన్నికలకు మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆ మూడు వారాలూ మా హాల్లో సాగిన వాదనల్లో ఒకరి నాయకుణ్ణి అనడం నుంచి ఒకరి కులాన్ని అనడం దాకా ఎంత త్వరగా వెళ్లామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మీ కులం అడిగితే ‘దాంతో మన ఇంటికి పనేముంది అన్నా?’ అని నెమ్మదిగా అని మాట మార్చండి. అడిగేది మరొకరిని అయితే, ఆ మాట వారి తరఫున మీరు అనండి. కొత్తగా వచ్చినవారికి ఇంట్లో ఒక్క మనిషి అండ ఉందని తెలియడం చాలా పెద్ద సంగతి. కులం పేరుతో వంట పాత్రలు వేరు పెట్టే ఇంట్లో సర్దుకుని ఉండవలసిన అవసరం ఎవరికీ లేదు, అలాంటి ఇల్లు వదిలి రావడమే సరైనది. మాంసాహారం సంగతి వేరు: కొందరికి వాసనే పడకపోవచ్చు, కొన్ని ఇళ్లలో ఓనర్లే అభ్యంతరం చెబుతారు, కాబట్టి చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

సర్దుకోకూడనివి

ఇంట్లో గంజాయి చేరితే ఒక్క రోజు కూడా ఉండకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, తన అధీనంలోని ఇంటిని అందుకు తెలిసి వాడుకోనిచ్చినవారు కూడా శిక్షార్హులే; పోలీసులు వచ్చిన రోజున నాది కాదు, నేను తాగలేదు అని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది, ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ దాకా వ్యవహారం వెళ్తుంది. చేయి చేసుకోవడం, బెదిరించడం, దొంగతనం, అనుమతి లేకుండా ఫొటోలు తీయడం కూడా ఈ కోవలోవే. వీటికి టీ కొట్టు సంభాషణలు పనికిరావు. ఆ రాత్రికి స్నేహితుల గదికి వెళ్లిపోయి, ఇంట్లో పెద్దవారికి, కాలేజీలో ఇంటర్న్‌షిప్ సమన్వయకర్తకు చెప్పండి. ప్రమాదం ఉంటే 112కు ఫోను చేయండి. ఆడపిల్లలకు బెంగళూరు పోలీసుల వనితా సహాయవాణి 1091 ఉంది. వసతి కంపెనీ కల్పించినదైతే, వేధించినవారు తోటి ఉద్యోగులైతే, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ట్రైనీలకూ అప్రెంటిస్‌లకూ వర్తిస్తుందని గుర్తుంచుకుని, మూడు నెలల లోపు కంపెనీ అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

ఇంత పెద్ద ప్రమాదం ఏదీ లేకుండానే, రోజూ ఇంటికి వెళ్లాలంటే గుండె బరువెక్కి, నిద్రా తిండీ తగ్గిపోయే స్థితి కూడా వస్తుంది. నాకు ఏప్రిల్‌లో వచ్చింది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవను దేశమంతటికీ ముందుండి నడిపే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ ఇదే ఊళ్లో ఉంది. 14416కు ఫోను చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

మనమే ఇబ్బంది అయితే

ఎవరైనా మీతో ‘ఒక మాట చెప్పాలి’ అంటే, వారు ఆ మాటను ఎన్ని రోజులు మోసి ఉంటారో ఆలోచించండి. వెంటనే ‘నువ్వు మాత్రం తక్కువా’ అనకండి. ఉదయం అలారం నాలుగుసార్లు మోగనివ్వడం, రాత్రి పన్నెండు దాటాక హాల్లో స్పీకరులో ఫోను మాట్లాడడం, కుక్కరు నానబెట్టి మూడు రోజులు మరిచిపోవడం నా లెక్కలో ఉన్నవే. కుక్కరు గురించి చెప్పింది ఇంట్లో అందరికంటే చిన్నవాడు, అనంతపురం డిప్లొమా కుర్రవాడు. ‘అన్నా, దాంట్లో పొద్దున్నే నేను అన్నం పెట్టుకోవాలి’ అన్నాడు, కళ్లలోకి చూడకుండా. అతను ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కూడగట్టుకున్నాడో నాకు తెలుసు.

ఇల్లు వదిలేటప్పుడు

మధ్యలో వదిలినా, గడువు ముగిసి వదిలినా ఒక నెల ముందే చెప్పండి. పీజీల్లోనూ సాధారణంగా ఒక నెల నోటీసు అడుగుతారు, మెయింటెనెన్స్ పేరుతో కొంత మినహాయిస్తారు, ఆ మొత్తం ఎంతో చేరిన రోజే తెలుసుకోవాలి. కోపంలో రాత్రికి రాత్రి సామాను సర్దుకుని వెళ్లినవారికి అడ్వాన్స్ తిరిగి రావడం కష్టం. మీ స్థానంలో వచ్చేవారిని మీరే వెతికి, వారిని మిగిలినవారితో ఒక పూట కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న ఇబ్బందులు దాచకుండా చెప్పండి. నా మంచానికి నంద్యాల నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. మూడింటికి వచ్చే అన్న గురించి, మంచానికి తగిలించిన దీపం గురించి, గీజరు వేళల గురించి చెప్పాను. చేరాలో వద్దో ఆలోచించుకుని రెండు రోజుల తరువాత చెప్పమన్నాను. అతను ఇచ్చిన 25,000 నాకు చేరిన వెంటనే, రంగుల వంతు మినహాయింపు ఎంతో, అడ్వాన్స్ ఇప్పుడు ఎవరి పేరున ఉందో అందరూ ఉన్న గ్రూపులో రాశాను. చివరి రోజు కరెంటు మీటరు ఫొటో తీసి, అప్పటిదాకా నా వాటా కట్టి, తాళంచెవి అతని చేతికి ఇచ్చి, ‘చేరింది’ అని అతను రాసిన సందేశం వచ్చాకే బస్సెక్కాను.